స్త్రీల వీలునామాకు నమూనా కాగితం ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో వారం వారం వచ్చే న్యాయ సలహాల శీర్షికను నేను పదవీ విరమణ చేసిన నాటి నుంచి వదలకుండా చదువుతున్నాను. అందులో ఆస్తుల గురించి అడిగేవారిలో చాలామంది తండ్రి ఆస్తి గురించో, తాత ఆస్తి గురించో అడుగుతారు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు, అన్నయ్య వాటా ఇవ్వనంటున్నాడు, పిత్రార్జితంలో ఆడపిల్లకు భాగం ఉందా లేదా అన్నవే ఆ ప్రశ్నలు. అమ్మ పేరున ఉన్న ఇల్లు, పిల్లలు లేని పెద్దమ్మ దాచుకున్న డబ్బు, ఉద్యోగం చేస్తున్న కూతురు కొనుక్కున్న ఫ్లాటు ఆమె తరువాత ఎవరికి చెందుతాయని అడిగినవారు నాకు పెద్దగా కనబడలేదు. మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. అడగకపోవడం వల్ల జరిగినదేమిటో, అందులో చట్టం పాలు ఎంతో, మా పాలు ఎంతో మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం కొంచెం దీర్ఘమే, మన్నించగలరు.

మా అక్కయ్యకు 1974లో పెళ్లయింది. ఐదేళ్లకే బావగారు పోయారు. పిల్లలు లేరు. అత్తవారింటి నుంచి ఎవరూ రమ్మనలేదు, ఈమె కూడా వెళ్లలేదు. పుట్టింటికి వచ్చి, నర్సింగు శిక్షణ పూర్తి చేసి, 1983లో ప్రభుత్వాసుపత్రిలో చేరి, ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి 2011లో పదవీ విరమణ చేసింది. రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బుతో 2004లో గుంటూరులో రెండు పడకగదుల ఫ్లాటు కొనుక్కుంది. 2022లో, అరవై తొమ్మిదో ఏట కన్నుమూసింది. చివరి ఆరేళ్లూ ఆమెను కనిపెట్టుకుని ఉన్నది మా అమ్మాయి. ఆసుపత్రికి తీసుకువెళ్లడం, మందులు చూడడం, నెలనెలా పింఛను తెచ్చి చేతికివ్వడం అన్నీ తనే చూసుకుంది.

దినవారాలు ముగిశాక బీరువా తెరిస్తే, పట్టుచీరల అడుగున ఉన్న బిస్కెట్ల డబ్బాలో బ్యాంకు పాసుపుస్తకాలతోపాటు డైరీ నుంచి చింపిన కాగితం ఒకటి కనబడింది. అక్కయ్య గుండ్రటి అక్షరాలతో పది పన్నెండు పంక్తులు రాసి ఉన్నాయి. ఫ్లాటు, అందులోని సామాను మా అమ్మాయికి. పొలం మా తమ్ముడి కొడుకుకి. అమ్మ గాజులు నాకు. బ్యాంకులో ఉన్న దానిలో లక్ష రూపాయలు తాను పనిచేసిన వార్డులోని ఆయాలకు సమానంగా. మిగిలినది మా అమ్మాయికి. కింద తేదీ వేసి, ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం చేసింది. ఆయాల పేర్లు కూడా వరసగా రాసింది. ఆ కాగితం చూసి మేమంతా కళ్లు తుడుచుకుని, ఇక ఏ చిక్కూ లేదనుకున్నాం.

దాన్ని ఒక న్యాయవాది వద్దకు తీసుకువెళ్తే ఆయన ముందూ వెనకా తిప్పి చూసి, ‘సాక్షులు ఎవరమ్మా?’ అని అడిగారు. సాక్షులు లేరు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షను ప్రకారం వీలునామా రాసిన వ్యక్తి దాని మీద సంతకం చేయాలి, లేదా వేలిముద్ర వేయాలి. ఆ సంతకాన్ని కళ్లారా చూసినవారు గానీ, అది తన సంతకమేనని ఆ వ్యక్తి నోట విన్నవారు గానీ కనీసం ఇద్దరు, ఆ వ్యక్తి ఎదుటనే సాక్షులుగా సంతకాలు చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండనక్కరలేదు. లోపల ఏం రాసి ఉందో వారికి తెలియనక్కరలేదు. స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇన్ని అక్కరలేదన్న చట్టం ఆ రెండు సంతకాల దగ్గర మాత్రం పట్టు విడవదు. చేతిరాత ఆమెదేనని ఊరంతా వచ్చి చెప్పినా అది వీలునామా కాదని ఆయన తేల్చేశారు. అక్కయ్య ఎదురు ఫ్లాటులోని దంపతులు రోజూ సాయంత్రం వచ్చి ఆమెతో కూర్చుని టీ తాగి వెళ్లేవారు. ఇద్దరికి ఇద్దరు సరిపోయేవారు.

వీలునామా లేదని తేలాక హిందూ వారసత్వ చట్టం, 1956 ముందుకు వస్తుంది. హిందూ స్త్రీ వీలునామా లేకుండా మరణిస్తే ఆమె ఆస్తి ఎవరికి పోతుందో దాని 15వ సెక్షను చెబుతుంది. మొదట కొడుకులు, కూతుళ్లు, భర్త. వారు లేకపోతే భర్త వారసులు. ఆ తరువాత గానీ తల్లిదండ్రుల వంతు రాదు. ఆపైన తండ్రి వారసులు. చిట్టచివర తల్లి వారసులు. భర్త పోయి నలభై మూడేళ్లయినా, ఆ ఇంటి గడప తొక్కి అన్నేళ్లయినా ఈ వరస మారదు. బావగారి అన్నదమ్ములు అప్పటికే కాలం చేశారు గనుక వారి పిల్లలు ముగ్గురు అక్కయ్య ఫ్లాటుకూ, బ్యాంకు డబ్బుకూ, బంగారానికీ వారసులయ్యారు. వారిలో ఇద్దరిని నేను మొదటిసారి చూసింది ఫ్లాటు తాళాలు అప్పగించిన రోజునే.

పొలం సంగతి ఇంకా విచిత్రం. మా ఊళ్లో అక్కయ్యకు మొత్తం తొంభై సెంట్ల మాగాణి ఉండేది. అందులో అరవై సెంట్లు పెళ్లినాడు నాన్నగారు పసుపుకుంకుమ కింద సెటిల్‌మెంటు దస్తావేజు రాసి, రిజిస్టరు చేయించి ఇచ్చినవి. మిగిలిన ముప్పై సెంట్లు 1996లో అమ్మ పోయాక, అమ్మ పేరున ఉన్న పొలాన్ని మేము ముగ్గురం పంచుకోగా ఆమె వాటాకు వచ్చినవి. రెండూ ఒకే సర్వే నంబరు, ఒకే మడి. మధ్యలో గట్టు లేదు. కౌలుదారు ఒకడే, నీరు పారే బోదె ఒకటే. 15వ సెక్షనులో రెండో ఉపసెక్షను ఒకటుంది. పిల్లలు లేని స్త్రీకి తల్లి నుంచో తండ్రి నుంచో వారసత్వంగా సంక్రమించిన ఆస్తి తిరిగి ఆమె తండ్రి వారసులకు చెందుతుందని అది చెబుతుంది. ఆ తొంభై సెంట్లూ పుట్టింటి పొలమే గనుక పుట్టింటికే తిరిగి వస్తుందని మేమనుకున్నాం. అయితే చట్టం వాడిన మాట ‘వారసత్వంగా సంక్రమించిన’ అన్నది. తండ్రి బతికుండగా దస్తావేజు రాసి ఇచ్చిన భూమి దానమవుతుందే తప్ప వారసత్వం కాదని మన హైకోర్టు ఏనాడో చెప్పిందట. అందువల్ల అమ్మ నుంచి వచ్చిన ముప్పై సెంట్లు నాకూ తమ్ముడికీ వచ్చాయి. నాన్నగారు కూతురు దిక్కులేనిది కాకూడదని తన చేత్తో రాసిచ్చిన అరవై సెంట్లు ఆయన ముఖమైనా చూడనివారికి వెళ్లాయి. సర్వేయరు వచ్చి కొలిచి రాళ్లు పాతించాడు. మా ఎరుకలో ఎన్నడూ గట్టు లేని చోట ఇప్పుడు గట్టు ఉంది.

మా వైపు జిల్లాల్లో పసుపుకుంకుమ కింద ఆడపిల్లలకు ఇచ్చిన భూములు ఎన్ని ఉన్నాయో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. నోటిమాటగా ఇచ్చి, పట్టాదారు పాసుపుస్తకం అన్నదమ్ముల పేరునే ఉంచిన భూముల చిక్కు వేరు, దానికి మరో ఉత్తరం కావాలి. పక్కాగా దస్తావేజు ఉన్న భూమికి, ఆ ఆడపిల్లకు సంతానం లేకపోతే, వీలునామా లేనప్పుడు పట్టే దారి మాత్రం ఇది.

బ్యాంకు డిపాజిట్లకు అక్కయ్య మా అమ్మాయిని నామినీగా రాసింది. నామినీ అంటే హక్కుదారు అని మా అందరి నమ్మకం. బ్యాంకువారు కూడా పేచీ పెట్టకుండా డబ్బు మా అమ్మాయి ఖాతాలో వేశారు. రెండు నెలలు తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. నామినీ అంటే ఆ డబ్బును తీసుకుని అసలు వారసులకు అప్పగించవలసిన వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు నలభై ఏళ్ల కిందటే జీవిత బీమా విషయంలో చెప్పింది. 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల విషయంలోనూ ఆ మాటే చెప్పింది. బీమా చట్టాన్ని 2015లో సవరించిన తరువాత తల్లిదండ్రులో, భార్యాభర్తలో, పిల్లలో నామినీలుగా ఉంటే పాలసీ సొమ్ము వారికే దక్కుతుంది గానీ, చెల్లెలి కూతురికి ఆ సౌకర్యం లేదు, బ్యాంకు డిపాజిట్లకు అసలే లేదు. 2025 నవంబరు 1 నుంచి ఒక బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను రాసుకోవచ్చునన్న మార్పు వచ్చింది. మంచిదే. నలుగురిని రాసినా వారు నామినీలే అవుతారన్న సంగతి బ్యాంకు కౌంటరు దగ్గర ఆ ఫారం నింపించే వారు ఒక్క మాట చెబితే బాగుంటుంది. మా అమ్మాయి ఆ డబ్బు మొత్తాన్ని డిమాండు డ్రాఫ్టులుగా తీసి పంపించింది. ఆయాలకు అక్కయ్య ఇవ్వదలచిన లక్ష రూపాయలు మేము మా చేతి నుంచి ఇచ్చాం.

ఆ ముగ్గురినీ నేను తప్పుపట్టను. చట్టం ఇంటికి వచ్చి ఆస్తి ఇస్తానంటే కాదనేవారు ఎంతమంది ఉంటారు? వారిలో చిన్నవాడు ఒకరోజు తానే వెతుక్కుంటూ వచ్చి, కాగితంలో చుట్టిన రెండు గాజులు నా చేతిలో పెట్టి, ‘ఇవి మీ అమ్మగారివట కదండీ’ అని వెళ్లిపోయాడు. అతడికి ఆ అవసరం లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకున్న స్త్రీని అత్తింటివారు వెళ్లగొట్టారు. ఆమె పుట్టింట ఉండి, చదువుకుని, ఉద్యోగం చేసి, కొంత డబ్బు కూడబెట్టుకుని, వీలునామా లేకుండా మరణించింది. ఆ డబ్బు తనకు రావాలని ఆమె తల్లి కోరింది. అది ఆమె భర్త సోదరి కుమారులకే చెందుతుందని కోర్టు తేల్చింది. స్వార్జితమైనా సెక్షనులో ఉన్న వరస వరసే, సానుభూతి కొద్దీ దాన్ని మార్చలేమన్నది ఆ తీర్పు సారం. అంతకు ముందటి ఏడాదే, అంటే 2008 జూన్‌లో, లా కమిషన్ తన 207వ నివేదికలో ఈ సెక్షనును సవరించి, పిల్లలూ భర్తా లేని స్త్రీ స్వార్జితం భర్త వారసులతోపాటు పుట్టింటి వారసులకు కూడా దక్కేలా చేయాలని సూచించింది. సూచన నివేదికలోనే ఉండిపోయింది. 2025 నవంబరులో ఇదే సెక్షనుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్త్రీలందరికీ, ముఖ్యంగా హిందూ స్త్రీలకు, ముందుగానే వీలునామా రాసుకోండని విజ్ఞప్తి చేసింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే స్త్రీలకు అంతగా చెప్పవలసి వచ్చిందంటే, ఆ సెక్షను వారికి ఎంతమాత్రం అండగా ఉన్నదో ఊహించుకోవచ్చు.

పక్షపాతం ఎక్కడుందో ఒక్క పోలికతో తెలుస్తుంది. మగవాడు వీలునామా లేకుండా పోతే అతని ఆస్తి భార్య, పిల్లలు, తల్లికి వెళ్తుంది. వారు లేకపోతే అతని తండ్రికి, ఆపైన తోబుట్టువులకు, దాయాదులకు. ఎంత దూరం వెళ్లినా అతని అత్తమామలకు గానీ బావమరుదులకు గానీ రాదు. ఆడది పోతే ఆమె కన్నవారు మరుదుల పిల్లల వెనక నిలబడాలి. 1956లో ఈ చట్టం చేసినవారి కళ్లముందు జీతం తెచ్చుకునే కూతుళ్లు తక్కువగా ఉండి ఉంటారని సరిపెట్టుకోవచ్చు. ఇప్పుడు అలా సరిపెట్టుకోవడానికి వీలులేదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చిన తొలి రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి సవరణ వచ్చేసరికి 2005 సెప్టెంబరు 9 అయింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటా రావడం గురించి ఇలా నలభై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం. వచ్చిన వాటా ఆమె తదనంతరం ఎటు పోతుందన్నది మాత్రం ఏ పెళ్లిమాటల్లోనూ, ఏ భాగపరిష్కారంలోనూ నేను వినలేదు.

పిల్లలున్న స్త్రీలకు ఈ బెడద లేదు కదా అనవచ్చు. వారి సంగతి కొంత నయమే. కానీ హైదరాబాదులో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన అమ్మాయిలు ఇరవై ఆరో ఏటనే కిస్తీల మీద ఫ్లాటు కొంటున్నారు. చదువుకు తండ్రి పొలం తాకట్టు పెట్టి ఉంటాడు. పెళ్లయి, పిల్లలు కలగక ముందే ఆమెకు ఏదైనా జరిగితే అంతా భర్తకు వెళ్తుంది. అతను కూడా లేకపోతే అతని వారసులకు, అంటే ముందు అతని తల్లికి, ఆమె లేకపోతే తండ్రికి వెళ్తుంది. ఆమెను చదివించిన తల్లిదండ్రులకు ఆ ఇంట్లో ఒక గది మీద కూడా హక్కు ఉండదు. అమెరికాలో ఉన్న అమ్మాయి ఇక్కడ స్థలం కొనుక్కుంటే దానికీ ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. క్రైస్తవ కుటుంబాలకు 1925 చట్టం, ముస్లింలకు వారి ధర్మశాస్త్రం వర్తిస్తాయి గనుక వారి వరసలు వేరు. ముస్లింలు వీలునామా ద్వారా ఇవ్వగలిగినది సాధారణంగా ఆస్తిలో మూడోవంతు వరకే. నా ఉత్తరం హిందూ చట్టం కిందకు వచ్చే స్త్రీల గురించి.

ఇంతకీ అక్కయ్య వీలునామా ఎందుకు రాయలేదు? నేను రెండుసార్లు ఎత్తాను. మొదటిసారి ‘నన్ను అప్పుడే సాగనంపుతున్నావా’ అని నవ్వేసింది. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందన్న మాట మన ఇళ్లలో ఇంకా ఉంది. వందల మంది రోగులను చూసిన నర్సు కూడా ఆ మాట దాటలేకపోయింది. రెండోసారి అసలు కారణం చెప్పింది. ‘రాసిచ్చేస్తే ఇల్లు నాది కాకుండా పోతుంది కదే, రేపు పొమ్మంటే ఎక్కడికి పోను?’ అంది. ఆమె వీలునామాకూ సెటిల్‌మెంటు దస్తావేజుకూ తేడా తెలియక భయపడింది. నాకు కూడా అప్పుడు సరిగా తెలియదు గనుక గట్టిగా చెప్పలేకపోయాను. మా పాలు అన్నది ఇదే.

ఆ తేడా ఇప్పుడు చెబుతాను. గిఫ్టు గానీ సెటిల్‌మెంటు గానీ రిజిస్టరు చేసి ఇస్తే ఆస్తి ఆ రోజే చేతులు మారుతుంది. పిల్లలు తరువాత చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను కింద ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునలును కోరవచ్చు. కానీ పోషించాలన్న షరతు మీదనే ఆస్తి ఇచ్చినట్టు తేలాలి. ఆ షరతు దస్తావేజులో రాసి లేని పెద్దలు ఎన్ని ఇబ్బందులు పడుతున్నారో మీ పత్రికలోనే చదువుతున్నాం. వీలునామా అలా కాదు. రాసినవారు బతికున్నంతకాలం ఆస్తి వారిదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, మనసు మారితే వీలునామాను చింపి ఇంకొకటి రాసుకోవచ్చు. రిజిస్టరు చేసిన వీలునామాను కూడా తరువాత తెల్లకాగితం మీద ఇద్దరు సాక్షులతో రాసిన వీలునామా రద్దు చేయగలదు. తన ఇంట్లో తాను చివరిదాకా దర్జాగా ఉండదలచిన ఆడమనిషికి ఇంతకన్నా అనువైన కాగితం లేదు. 1956 చట్టంలోని 14వ సెక్షను ఆమెను తన ఆస్తికి పూర్తి హక్కుదారును చేసింది, 30వ సెక్షను వీలునామా రాసే స్వేచ్ఛ ఇచ్చింది. నేను ఇంతసేపు తిట్టిన 15వ సెక్షను ఆ స్వేచ్ఛను వాడుకోనివారి మీదనే పనిచేస్తుంది.

అక్కయ్య సంవత్సరీకాలు వెళ్లకముందే నేను నా వీలునామా రాయించుకోవడానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట ఉన్న దస్తావేజు లేఖరి వద్దకు వెళ్లాను. ఆయన కంప్యూటరులో ఉన్న నమూనా తెరిచి, నా వివరాలు అడిగి, ఖాళీలు పూరించి, అచ్చుతీసి ఇచ్చాడు. ‘నేను పూర్తి స్పృహతో, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా’ దాకా బాగానే ఉంది. ఆ తరువాతి పంక్తిలో ‘నా భార్య నాకు తోడునీడగా ఉండి సేవ చేయుచున్నందున’ అని ఉంది. ఇంకా కిందికి వెళ్తే ‘నా కుమార్తెకు వివాహము చేసి పంపియున్నందున’ ఆమెకు ఏమీ ఇవ్వనక్కరలేదని ఉంది. అది నేను చెప్పిన మాట కాదు; నమూనాలోనే ఉన్న మాట. అదేమని అడిగితే ఆయన నొచ్చుకుని, ‘ఆడవాళ్లు వచ్చి రాయించుకునేది తక్కువమ్మా, వచ్చినప్పుడు ఉన్నదాన్నే దిద్ది ఇస్తుంటాం’ అన్నాడు. మూడుసార్లు దిద్దాడు. మూడోసారి కూడా మూడో పేజీలో ఒకచోట ‘నా భార్య’ మిగిలిపోయింది. ముప్పై ఏళ్లు తెలుగు పరీక్ష పేపర్లు దిద్దిన కళ్లు గనుక పట్టుకున్నాను.

ఆ పనిలో నేను తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. సాక్షులుగా నాకంటే పాతికేళ్లు చిన్నవారిని, ఊళ్లోనే స్థిరంగా ఉండేవారిని పెట్టుకున్నాను. ఎందుకంటే రేపు వివాదం వస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు వచ్చి సంతకం చూశామని చెప్పాలి, రిజిస్టరు చేసినంత మాత్రాన ఆ రుజువు తప్పదు. ఆస్తి పొందబోయేవారిని గానీ, వారి భార్యాభర్తలను గానీ సాక్షులుగా పెట్టుకోలేదు. అసలు మా అబ్బాయినీ అమ్మాయినీ ఆ రోజు వెంట తీసుకువెళ్లలేదు. లబ్ధి పొందేవారే దగ్గరుండి రాయించి, సాక్షులను తెచ్చి, అన్నీ నడిపించిన వీలునామాను కోర్టులు అనుమానించి చూస్తాయి. ప్రతి ఆస్తికీ సర్వే నంబరు, డోరు నంబరు, చెక్కుబందీలతోపాటు (నాలుగు వైపుల హద్దులు) అది నాకు ఎలా సంక్రమించిందో కూడా రాయించాను. స్వార్జితమా, అమ్మ నుంచి వచ్చినదా, అక్కయ్య నుంచి వచ్చినదా అన్నది ఎంత ముఖ్యమో మా మడి గట్టు నాకు నేర్పింది. ఇందులో పేర్కొనని ఆస్తులు, ఇకముందు నాకు రాబోయేవి ఎవరికి చెందాలో చివర ఒక వాక్యం చేర్పించాను. అది లేకపోతే వీలునామా రాశాక కొన్న స్థలం మళ్లీ 15వ సెక్షను కిందకే వెళ్తుంది. కుటుంబ వైద్యుడి చేత ఆ వారమే నా ఆరోగ్యం గురించి ధ్రువపత్రం రాయించి జతచేశాను. రిజిస్టరు చేయించుకున్నాను. లోపలి విషయం ఎవరికీ తెలియకూడదనుకునేవారు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం వీలునామాను సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకోవచ్చు. ఈ ఏర్పాటు ఉందని మా ఊళ్లో చాలామందికి తెలియదు.

వీలునామా రాసే ముందు స్త్రీ చూసుకోవలసినది ఇంకొకటి ఉంది. భర్త రాసిన వీలునామా వల్ల ఇల్లు వచ్చిన స్త్రీ ఆ కాగితాన్ని ఒకసారి లాయరుకు చూపించాలి. మన మగవారి వీలునామాల్లో ‘నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కుమారులు’ అన్న వాక్యం దాదాపు ప్రార్థనాశ్లోకంలా ఉంటుంది. అలాంటి పరిమిత హక్కు ఎప్పుడు పూర్తి హక్కుగా మారుతుంది, ఎప్పుడు మారదు అన్నది మన ప్రాంతం నుంచే వెళ్లిన తులశమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు విచారించి, భరణపు హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణంగా చెందుతుందని చెప్పింది. ఆ తరువాత వచ్చిన తీర్పులు అన్నీ ఒకే దారిలో లేవని గమనించి, 2024 డిసెంబరులో ఈ విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. కనుక అలాంటి ఇంటిని తాను వీలునామాలో ఇంకొకరికి రాయగలదో లేదో ఆమె సొంతంగా తేల్చుకోలేదు.

ప్రభుత్వాలు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు ఉన్నాయి. స్త్రీ పేరున ఆస్తి రిజిస్టరైన ప్రతిసారీ, దస్తావేజుతోపాటు ఒక్క పేజీ తెలుగు కాగితం ఆమె చేతిలో పెట్టి, వీలునామా లేకపోతే ఈ ఆస్తి ఏ వరసలో ఎవరికి వెళ్తుందో చెప్పాలి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో అప్పుల, పొదుపుల సంగతులతోపాటు ఒక పూట ఈ సంగతి మాట్లాడించాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ కార్యాలయానికి వెళ్లినా, 15100 నంబరుకు ఫోను చేసినా సలహా దొరుకుతుంది. ఆ సంస్థల న్యాయవాదులు నెలకొక రోజు రిజిస్ట్రారు కార్యాలయాల వద్ద కూర్చుంటే, రాయించుకోవాలనుకుని జంకుతున్న ఆడవారికి ధైర్యంగా ఉంటుంది. ఇక 15వ సెక్షను సవరణ పార్లమెంటు చేయవలసిన పని. మన రెండు రాష్ట్రాల ఎంపీలు లా కమిషన్ నివేదికను ఇన్నేళ్ల తరువాతనైనా బయటికి తీయించాలి. 1985లో ముందు నడిచిన రాష్ట్రానికి అడిగే అర్హత ఉంది.

మీ పత్రికకు నా కోరిక ఒక్కటే. మీ న్యాయ సలహాల శీర్షికలో, ఆడమనిషి తన నోటితో తాను చెప్పుకున్నట్టుగా ఉండే వీలునామా నమూనా ఒకటి సులభమైన తెలుగులో ప్రచురించండి. పిల్లలున్న స్త్రీకి ఒకటి, లేనివారికి ఒకటి, పెళ్లికాని ఉద్యోగినికి ఒకటి అయితే మరీ మేలు. చివర సాక్షుల పేర్లకు, చిరునామాలకు, సంతకాలకు రెండేసి గళ్లు స్పష్టంగా గీసి ఉండాలి. అది అచ్చయిన రోజున కత్తిరించి, మా దస్తావేజు లేఖరికి నేనే తీసుకువెళ్లి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా
(కుటుంబ విషయం గనుక పేరు ప్రచురించవద్దని మనవి.)